బొగ్గుబాయి నుంచి వచ్చిన ఆరోగ్యమంత్రి

యూకేలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారైనా ఎన్‌హెచ్‌ఎస్ మీద చర్చ రావాల్సిందే. పొద్దున ఎనిమిదింటికి జీపీ సర్జరీకి ఫోన్ చేస్తే మన ముందు పాతికమంది ఉన్నారని వినిపించడం, స్కాన్ కోసం నెలలు ఆగమనడం, డిసెంబర్ సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఒక్క పూటలో పరీక్షలన్నీ చేయించుకుని రావడం. వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది. పెద్దవాళ్లకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జ్ ముందే కట్టించుకుని, జీతంలో పన్నూ పట్టుకుని, మళ్లీ ఈ పడిగాపులేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

నేను సౌత్ వేల్స్‌లో ఒక ఆసుపత్రిలో రోటాలు వేసే ఉద్యోగం చేస్తున్నాను. ఏ వార్డులో ఏ పూట ఏ డాక్టర్, ఏ నర్సు ఉంటారో పట్టిక కట్టాలి. పని చెప్పడానికి తేలిక. పేర్లున్న గళ్లతో పేచీ లేదు, ఖాళీ గళ్లతోనే రోజంతా గడుస్తుంది. ఎవరో ఒకరు అదనపు షిఫ్టుకి ఒప్పుకోవాలి, లేదా ఏజెన్సీకి ఫోన్ చేయాలి. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఖర్చెందుకు పెరిగిందని పై నుంచి అడుగుతారు, చేయకపోతే వార్డు నడవదు. ఈ ఇరకాటం ఈ మధ్య పుట్టిందని చాలాకాలం అనుకున్నాను. ఈ వ్యవస్థని కట్టిన మనిషి జీవితం చదివాక తెలిసింది, మొదటిరోజు నుంచీ ఉన్నదేనని. ఆ జీవితాన్నే ఈ వారం మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఆయన పేరు అనైరిన్ బెవన్. న్యూపోర్ట్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి హెల్త్ బోర్డు పేరులో ఈ పేరు రోజూ కనిపిస్తుంది. కార్డిఫ్ క్వీన్ స్ట్రీట్‌లో షాపింగ్‌కి వెళ్లేవాళ్లు ఆయన విగ్రహం పక్కనుంచే నడుస్తారు. తెలిసినవాళ్లంతా పిలిచిన పేరు నై. హిందీలో కాదు అన్నట్టు వినిపిస్తుంది. ఆయన బతుకంతా ఎవరో ఒకరికి కాదని చెప్పడంతోనే గడిచింది కాబట్టి పేరు బాగానే కుదిరింది.

1897 నవంబర్ 15న ట్రెడెగర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. సౌత్ వేల్స్ లోయల్లో బొగ్గు మీద, ఇనుము మీద బతికే ఊరది. తండ్రి డేవిడ్ బొగ్గుగనిలో కూలీ. తల్లి ఫీబీ కుట్టుపని తెలిసిన మనిషి, ఇల్లు పట్టాలు తప్పకుండా నడిపిన ఇల్లాలు. ఆమె కన్న పదిమంది పిల్లల్లో కొందరు చిన్నతనంలోనే పోయారు. ఆ లోయల్లో అప్పట్లో అది వింతేమీ కాదు. నైకి నత్తి. ఎడమచేతి వాటం. బడిలో హెడ్‌మాస్టర్‌తో పడేది కాదు. పదమూడేళ్లకే బడి వదిలి టై-ట్రిస్ట్ అనే గనిలో అన్న పక్కన పనికి దిగాడు. చదువంతా ఆ తర్వాతే. కార్మికుల చందాలతో నడిచే ఊరి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని రాత్రిళ్లు చదివేవాడు. నత్తిని పోగొట్టుకోవడానికి కొండ మీదికెళ్లి గట్టిగా మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. నోరు తిరగని మాట వస్తుందనుకుంటే దాని బదులు వేరే మాట వెతుక్కునేవాడు. తర్వాత పార్లమెంటులో ఆయన మాటల సంపదకి అందరూ ఆశ్చర్యపోయారంటే అందులో కొంత ఈ నత్తి పెట్టిన భిక్షే.

మాది కొత్తగూడెం. సింగరేణి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ కథలో కొన్ని సంగతులు విడమరిచి చెప్పక్కర్లేదు. బాయి దిగి వచ్చిన మనిషి దగ్గు ఎలా ఉంటుందో, బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో మాకు తెలుసు. నై తండ్రి ఆ జబ్బుతోనే 1925లో కొడుకు చేతుల్లో పోయాడు. గని పని వల్ల వచ్చిన జబ్బుగా అప్పటి చట్టం దాన్ని గుర్తించలేదు కాబట్టి పరిహారం ఒక్క పైసా రాలేదు. కొడుకుకీ గనిచీకటి వల్ల కళ్లజబ్బు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి తీసుకోకపోవడానికి అదే కారణం.

ట్రెడెగర్‌లో ఒక విశేషం ఉంది. గని కార్మికులు, ఇనుము కార్మికులు తమ జీతంలో పౌనుకి మూడు పెన్నీల చొప్పున ఒక సంఘానికి కట్టేవారు. పౌనుకి 240 పెన్నీలున్న రోజులవి. అంటే వందకి రూపాయి పావలా అన్నమాట. ఆ డబ్బుతో ట్రెడెగర్ మెడికల్ ఎయిడ్ సొసైటీ జీతానికి డాక్టర్లని, సర్జన్‌ని, మందులిచ్చేవాళ్లని, పళ్ల డాక్టర్‌ని, ఇంటికొచ్చే నర్సుని పెట్టుకుంది. కార్మికుడికే కాదు, భార్యాపిల్లలకీ వైద్యం. 1920ల నాటికి ఊళ్లో నూటికి తొంభైమందికి పైగా దీని కిందికి వచ్చారు. తర్వాత నవలాకారుడిగా పేరు తెచ్చుకున్న ఏ.జె. క్రోనిన్ అక్కడ కొన్నేళ్లు డాక్టర్‌గా పనిచేశాడు. ఆయన 1937లో రాసిన ద సిటడెల్ నవలకి ఆ ఊరి అనుభవమే ముడిసరుకు.

మనకి తెలిసిన కంపెనీ ఆసుపత్రికీ దీనికీ తేడా ఉంది. సింగరేణి ఉద్యోగి కుటుంబానికి కంపెనీ ఆసుపత్రి చూస్తుంది, అది కంపెనీ పెట్టిన సౌకర్యం. ట్రెడెగర్‌లో డాక్టర్‌ని పెట్టుకున్నది కార్మికులే. కమిటీలో కూర్చున్నదీ వాళ్లే. యువకుడు బెవన్ అక్కడి ఆసుపత్రి కమిటీలో పనిచేశాడు. ఎంత డబ్బు వస్తుంది, ఎంతమంది రోగులు వస్తారు, డాక్టర్‌కి ఎంత ఇవ్వాలి అన్న లెక్కలు ఆయన మంత్రి కాకముందే ఆ టేబుల్ దగ్గర చూశాడు. దేశంలో మిగతాచోట్ల పరిస్థితి వేరు. 1911 బీమా చట్టం కింద పనిచేసే మగవాడికి జీపీ వైద్యం దొరికేది, ఇంట్లో భార్యకీ పిల్లలకీ లేదు. తల్లులు తమ జబ్బుని చివరిదాకా దాచుకునేవారు. ఇది మన ఊళ్లలో అమ్మమ్మలు చేసిన పనే, చెప్పేదేముంది.

రాజకీయాల్లోకి ఎలా వచ్చాడన్నది త్వరగా చెప్పేస్తాను. 1919 నుంచి రెండేళ్లు లండన్‌లో కార్మిక కళాశాలలో చదివాడు. తిరిగొస్తే ఊళ్లో పని దొరకలేదు, ఏళ్ల తరబడి నిరుద్యోగం. 1926 సమ్మెలో గని కార్మికుల నాయకుడిగా ఎదిగాడు. 1929లో ఎబ్బూ వేల్ నుంచి లేబర్ ఎంపీ అయ్యాడు. చనిపోయేదాకా ఆ సీటు ఆయనదే. 1934లో స్కాట్లండ్ గని కార్మికుడి కూతురు, తోటి సోషలిస్టు జెన్నీ లీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తర్వాతి కాలంలో ఓపెన్ యూనివర్సిటీ పుట్టుకకి కారణమైన మంత్రి. యుద్ధకాలంలో చర్చిల్‌ని ఎదిరించి మాట్లాడిన కొద్దిమందిలో బెవన్ ఒకడు. అందుకు సొంతపార్టీలోనే చాలామందికి కంటగింపయ్యాడు. నెహ్రూతో స్నేహం, భారత స్వాతంత్ర్యానికి మద్దతు కూడా ఆయన లెక్కలో ఉన్నాయి.

1945 జూలైలో లేబర్ పార్టీ గెలిచింది. ప్రధాని అట్లీ 47 ఏళ్ల బెవన్‌ని ఆరోగ్యమంత్రిగా తీసుకున్నాడు. క్యాబినెట్‌లో అందరికంటే చిన్నవాడు. ఇళ్ల నిర్మాణం కూడా ఆ శాఖ కిందే. బాంబులు పడి కూలిన ఊళ్లున్న దేశంలో అదొక్కటే ఒక మనిషికి సరిపోయే పని.

అప్పటి ఆసుపత్రుల సంగతి చూడండి. కొన్ని ధర్మసంస్థలవి, చందాల మీద నడిచేవి. వీధుల్లో డబ్బాలు పట్టుకుని అడుక్కున్నా జీతాలకి చాలని స్థితి. కొన్ని మునిసిపాలిటీలవి, వాటిలో చాలా భాగం ఒకప్పటి అనాథశరణాలయాలు. డబ్బున్న ఊళ్లో మంచి ఆసుపత్రి, లేని ఊళ్లో పాత గోడలు. స్పెషలిస్టులంతా ప్రైవేటు ప్రాక్టీసు దొరికే లండన్ లాంటి చోట్లే ఉండేవారు. ఆసుపత్రులన్నీ స్థానిక కౌన్సిళ్లకి ఇద్దామని క్యాబినెట్‌లో హెర్బర్ట్ మోరిసన్ గట్టిగా పట్టుబట్టాడు. బెవన్ ఒప్పుకోలేదు. పేద ఊరి కౌన్సిల్ చేతిలో పెడితే ఆసుపత్రీ పేదదే అవుతుందని ఆయన వాదన. చివరికి ఇంగ్లండ్, వేల్స్‌లో 2,600కి పైగా ఆసుపత్రుల్ని ప్రభుత్వమే తీసుకుంది. ఖర్చు దేశమంతటి పన్నుల నుంచి.

ఈ ఒక్క నిర్ణయంతో రెండు జరిగాయి. ట్రెడెగర్ లాంటి ఊరికి లండన్ పన్నుల డబ్బు చేరింది. అదే సమయంలో ఆసుపత్రి దీపం వెలగాలంటే ప్రతి ఏడాదీ ఆర్థికమంత్రి తలుపు తట్టాల్సిన పరిస్థితీ వచ్చింది. మన రాష్ట్రాల్లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పోల్చుకుంటే తేడా బాగా తెలుస్తుంది. అక్కడ ప్రభుత్వం ఆపరేషన్‌కి బిల్లు కడుతుంది, ఆసుపత్రి ఎవరిదైనా కావచ్చు. బెవన్ ఏకంగా ఆసుపత్రినే తీసుకుని, అందులో పనిచేసేవాళ్ల జీతాల భారం కూడా నెత్తినేసుకున్నాడు. బిల్లు ఆలస్యం చేసి తప్పించుకునే దారి దీనిలో లేదు.

ట్రెడెగర్ సంఘాన్నే దేశమంతా చేశాడని ఇక్కడ అందరూ అంటారు. నాకు పూర్తిగా అలా అనిపించదు. ట్రెడెగర్‌లో డాక్టర్ జీతగాడు, రోగులే యజమానులు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆ రెండూ నిలవలేదు. ఎందుకు నిలవలేదన్నదే 1946 నుంచి 1948 వరకు నడిచిన పోరాటం.

చట్టం 1946 నవంబర్‌లో వచ్చింది. అమలు తేదీ 1948 జూలై 5. చట్టమైతే వచ్చింది గానీ డాక్టర్లు రావాలి కదా. డాక్టర్ల సంఘం బీఎంఏ ససేమిరా అంది. ప్రభుత్వ ఉద్యోగులమైపోతాం, మా స్వేచ్ఛ పోతుంది, మా ప్రాక్టీసు అమ్ముకునే హక్కు పోతుంది అన్నది వాళ్ల భయం. అప్పట్లో జీపీ ప్రాక్టీసుని కిరాణా కొట్టులా కొనేవారు, అమ్మేవారు. యువడాక్టర్లు అప్పుచేసి కొనుక్కున్నవి. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. అమలుకి ఐదు నెలల ముందు, 1948 ఫిబ్రవరిలో సంఘం ఓటింగ్ పెడితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వద్దన్నారు. బిల్డింగులు, నర్సులు, మందులు అన్నీ ఉండి డాక్టర్ గడి ఖాళీగా ఉన్న రోటా ఊహించుకోండి. దేశమంతటికీ అదే పరిస్థితి.

బెవన్ బెదిరించలేదు. డాక్టర్లలోనే రెండు వర్గాలున్నాయని కనిపెట్టాడు. పెద్దాసుపత్రుల కన్సల్టెంట్లు వేరు, జీపీలు వేరు. చర్చిల్ సొంత వైద్యుడైన లార్డ్ మోరన్ అప్పుడు ఫిజీషియన్ల రాయల్ కాలేజీ అధ్యక్షుడు. ఆయన ద్వారా ముందు కన్సల్టెంట్లని దారికి తెచ్చుకున్నాడు. ప్రభుత్వాసుపత్రిలో జీతం తీసుకుంటూనే ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవచ్చు, ప్రభుత్వాసుపత్రిలోనే ప్రైవేటు పడకలు ఉంచుకోవచ్చు, ప్రతిభ పేరు మీద అదనపు సొమ్ము అందుకోవచ్చు. వాళ్లని డబ్బుతోనే గెలిచానన్న సంగతి ఆయన దాచుకోలేదు. తర్వాత జీపీలకి పూర్తికాలపు జీతం ఉద్యోగం ఎప్పటికీ రుద్దమని చట్టంలోనే రాస్తానన్నాడు. మే నెలలో మళ్లీ ఓటింగ్ జరిగితే వ్యతిరేకులే ఎక్కువున్నా మునుపటి బలం లేదు. సంఘం దిగొచ్చింది.

ఇప్పటికీ మీ జీపీ సర్జరీ ఒక ప్రైవేటు భాగస్వామ్య సంస్థలా నడుస్తూ ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందంలో ఉండడానికి కారణం ఆ వసంతకాలపు బేరమే. ఏ సర్జరీలో ఎన్ని అపాయింట్‌మెంట్లు, ఎంతమంది రిసెప్షన్‌లో అన్నది చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంది. ఆసుపత్రిలో మీకు ఏడాది ఆగమన్న స్పెషలిస్టే ప్రైవేటులో వచ్చే వారం దొరకడానికీ మూలం అక్కడే. బెవన్‌ని దేవుడిలా చూసేవాళ్లు ఈ భాగం గబగబా దాటేస్తారు. ఆ బేరం చేయకపోతే జూలై 5న తలుపులు తెరుచుకునేవి కావని నా నమ్మకం. కానీ దాని ఖరీదు మనం ఇంకా కడుతున్నామన్నది కూడా నిజమే.

జూలై 4 రాత్రి మాంచెస్టర్ సభలో తన ప్రత్యర్థి పార్టీని పురుగులతో పోల్చి తిట్టి, తెల్లవారే పత్రికలన్నిటికీ అదే వార్త ఇచ్చాడు. అట్లీకి తలనొప్పి. నోరు అదుపులో పెట్టుకోవడం ఆయనకి జీవితంలో ఎప్పుడూ చేతకాలేదు. మర్నాడు మాంచెస్టర్ దగ్గర డేవీహ్యూమ్‌లోని పార్క్ హాస్పిటల్‌కి వెళ్లి కొత్త వ్యవస్థని ప్రారంభించాడు. నర్సులు వరుసలు కట్టి నిలబడ్డారు.

ఆ వెంటనే డబ్బు చాలలేదు. జనం విరుచుకుపడ్డారని పత్రికలు రాశాయి. నిజానికి జనం అన్నాళ్లూ దాచుకున్న జబ్బులన్నీ బయటికి తెచ్చారు. పాతికేళ్లుగా చూపించుకోని ఆడవాళ్లు వచ్చారు. సంతలో దొరికిన అద్దాలతో చదువుకున్న ముసలివాళ్లు వచ్చారు. మొదటి ఏడాదిలో 50 లక్షల జతలకి పైగా కళ్లద్దాలు ఇచ్చారు. మందుల చీటీలు కొన్ని నెలల్లోనే దాదాపు రెట్టింపయ్యాయి. అంచనాలన్నీ తప్పాయి. అదనపు నిధుల కోసం బెవన్ మళ్లీ మళ్లీ పార్లమెంటు ముందుకి వెళ్లాల్సి వచ్చింది. పేరుకుపోయిన అవసరం తీరితే గిరాకీ తగ్గుతుందని ఆయన ఆశ. పళ్లు, కళ్లద్దాల విషయంలో కొంత అలాగే జరిగింది. ఆసుపత్రుల విషయంలో మాత్రం జరగలేదు. జీతాలు పెరుగుతాయి, కొత్త మందులొస్తాయి, జనం ఎక్కువకాలం బతుకుతారు. అది తగ్గే ఖర్చు కాదు.

మనుషులు అంతకంటే తక్కువ. నర్సులు లేక మూసి ఉంచిన పడకలు ఆనాడే వేలల్లో ఉన్నాయి. పెళ్లైన నర్సుల్ని పార్ట్ టైమ్‌కి రమ్మన్నారు, ఐర్లండ్ నుంచి పిలిచారు, 1949 నుంచి కరీబియన్ దీవుల్లో ప్రకటనలిచ్చి అమ్మాయిల్ని తెచ్చారు. పరాయి దేశపు నర్సులతో ఎన్‌హెచ్‌ఎస్ నడుస్తోందని ఇవాళ కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడేవాళ్లుంటారు. ఏడాది నిండీ నిండకముందే మొదలైన పని అది.

సర్‌ఛార్జ్ కట్టే మనకి దగ్గరగా ఉండే ఇంకో ముచ్చట. విదేశాల నుంచి వచ్చినవాళ్లు ఊరికే వైద్యం చేయించుకుంటున్నారని 1949లోనే గోల లేచింది. వాళ్ల దగ్గర వసూలు చేసే అధికారం ఆ ఏడాది సవరణ చట్టంలో చేరింది, మంత్రి బెవనే. మందుల చీటీకి రుసుము పెట్టే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. రెండూ ఒత్తిడి మీద ఒప్పుకున్నవే. వాడకుండా పక్కన పెట్టాడు. 1952లో రాసిన ఇన్ ప్లేస్ ఆఫ్ ఫియర్ పుస్తకంలో విదేశీయులకి వైద్యం నిరాకరించడాన్ని తప్పుబట్టాడు. ఎవరు పరాయివాడో తేల్చాలంటే ముందు ఈ దేశస్థులందరూ తాము ఇక్కడివాళ్లమని రుజువు పట్టుకు తిరగాలి, ఆ తనిఖీ కోసం పెట్టే శ్రమ మిగిలే డబ్బుకి తగదు అన్నది ఆయన లెక్క. ఆ అధికారాన్ని 1982లో గానీ బయటికి తీయలేదు. మన సర్‌ఛార్జ్ 2015లో 200 పౌండ్లతో మొదలైంది.

ఇక 1951. కొరియా యుద్ధం నడుస్తోంది. అమెరికా ఒత్తిడితో బ్రిటన్ మూడేళ్లకి 470 కోట్ల పౌండ్ల ఆయుధ కార్యక్రమం ప్రకటించింది. ఆ డబ్బు కూడదీయడానికి ఆర్థికమంత్రి హ్యూ గెయిట్‌స్కెల్ కట్టుడు పళ్లకీ కళ్లద్దాలకీ సగం ఖరీదు రోగులే కట్టాలన్నాడు. దానితో వచ్చేది ఏడాదికి 2 కోట్ల 30 లక్షల పౌండ్లు. అప్పటికి బెవన్ ఆరోగ్యశాఖలో లేడు, జనవరిలో కార్మికశాఖకి మార్చారు. అయినా ఏప్రిల్‌లో రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఆయనతో పాటు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ కూడా.

ఇంత చిన్న మొత్తానికి అంత రాద్ధాంతమా అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అహంకారం అన్నవాళ్లున్నారు. గెయిట్‌స్కెల్‌కి ఆర్థికశాఖ దక్కిందన్న అసూయ అన్నవాళ్లూ ఉన్నారు. అసూయ కొంత ఉండే ఉంటుంది, మనిషే కదా. కానీ ఆయన పట్టుకున్న విషయం మొత్తం గురించి కాదు. పౌండ్లు తగ్గినప్పుడల్లా రోగి జేబు వైపు చూసే అలవాటు ఒక్కసారి మొదలైతే ఆగదని ఆయన భయం. మరుసటి ఏడాదే కొత్త ప్రభుత్వం మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టింది. ఇవాళ ఇంగ్లండులో ఒక్కో మందుకి దాదాపు పది పౌండ్లు. పైగా అంత ఆయుధ ఖర్చు చేయడం దేశం వల్ల కాదని ఆయన చెప్పింది నిజమైంది. అధికారంలోకి వచ్చిన చర్చిలే దాన్ని తగ్గించుకున్నాడు. నా మటుకు నాకు ఆయన రాజీనామా సరైనదే. అయితే దానివల్ల లేబర్ పార్టీ రెండుగా చీలి, 13 ఏళ్లు అధికారం లేకుండా ఉండడానికి ఒక కారణమైందన్నదీ కాదనలేను.

ఎన్‌హెచ్‌ఎస్ డబ్బు తగలేస్తోందన్న అనుమానంతో ప్రభుత్వం 1953లో గిల్‌బో కమిటీని వేసింది. 1956లో వచ్చిన రిపోర్టు ఎదురు తిరిగింది. జాతీయాదాయంలో ఎన్‌హెచ్‌ఎస్ వాటా 3.75 శాతం నుంచి 3.25 శాతానికి తగ్గిందని తేల్చింది. బిల్డింగుల మీద పెట్టుబడి యుద్ధానికి ముందుకన్నా తక్కువ. వృథా కనిపించలేదు, కొరతే కనిపించింది.

మరుసటి ఏడాది ఇంకో కమిటీ, విల్లింక్‌ది. డాక్టర్లు ఎక్కువైపోతారేమోనని భయపడి మెడికల్ కాలేజీ సీట్లు పదోవంతు తగ్గించమంది. జనాభా పెరుగుదల అంచనా తప్పింది. బ్రిటిష్ డాక్టర్లు కెనడాకి, ఆస్ట్రేలియాకి, అమెరికాకి వెళ్లిపోతున్న సంగతి పట్టించుకోలేదు. 1960లకల్లా ఆసుపత్రుల్లో జూనియర్ డాక్టర్ల గళ్లు ఖాళీ. ఆ ఖాళీల్లోకి వచ్చినవాళ్లే మనవాళ్లు. అప్పటికి మన మెడికల్ డిగ్రీలకి ఇక్కడ గుర్తింపు ఉంది. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ కాలేజీల్లో చదివినవాళ్లు నేరుగా వచ్చి చేరారు. 1975లో ఆ గుర్తింపు పోయింది. ఇప్పటి ప్లాబ్ పరీక్ష దాని తర్వాతి కథ. పెద్దాసుపత్రుల్లో మంచి పోస్టులు దక్కక చాలామంది వృద్ధుల వార్డులకి, మానసిక వైద్యానికి, స్థానిక డాక్టర్లు వెళ్లని వేల్స్ గని ఊళ్లకి వెళ్లారు. బెవన్ పుట్టిన లోయల్లో బొగ్గు దుమ్ము దగ్గుకి స్టెతస్కోప్ పెట్టిన జీపీల్లో రెండు తరాలు మన దేశంవాళ్లే. వాళ్ల చదువు ఖర్చు మన ప్రభుత్వ కాలేజీలు, అంటే మన తాతల పన్నులు పెట్టాయి. ఆ పద్దు ఏ కమిటీ లెక్కలోనూ రాలేదు.

రోటా వేసేదానిగా ఒక మాట చెప్పాలి. ఖాళీ గడి అంటే మనిషి దొరకలేదని అందరూ అనుకుంటారు. చాలాసార్లు మనిషి ఉంటాడు, పోస్టుకి మంజూరు ఉండదు. ప్లాబ్ పాసై వచ్చిన మన పిల్లలు ఒక్కో పోస్టుకి వందలమందితో పోటీపడుతూ నెలల తరబడి ఖాళీగా కూర్చుంటున్నారు. అదే సమయంలో వార్డులో డాక్టర్ లేడు. విల్లింక్ కాలంలోనూ ఇదే జరిగింది. డబ్బు లెక్క ఒక గదిలో, మనుషుల లెక్క ఇంకో గదిలో.

బెవన్ ఇదంతా పూర్తిగా చూడలేదు. 1959లో లేబర్ పార్టీ ఉపనేత అయ్యాడు. ఆ డిసెంబర్‌లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో, తాను పెట్టిన ఎన్‌హెచ్‌ఎస్‌లోనే, కడుపు ఆపరేషన్ జరిగింది. క్యాన్సర్ అని జెన్నీకి చెప్పారు. ఆమె ఆయనకి చెప్పనివ్వలేదు. పల్లెలో కొనుక్కున్న ఆషెరిడ్జ్ ఫామ్‌లో కొన్ని నెలలు గడిపి 1960 జూలై 6న పోయాడు. 62 ఏళ్లు. ఎన్‌హెచ్‌ఎస్‌కి పన్నెండేళ్లు నిండి ఒక రోజు.

2007 ఏప్రిల్ నుంచి వేల్స్‌లో మందుల చీటీకి రుసుము లేదు. బ్రిస్టల్ నుంచి కార్డిఫ్‌కి ఇల్లు మారిన మనవాళ్లు మొదటిసారి మందుల షాపులో పర్సు తీసి, అక్కర్లేదంటే ఆశ్చర్యపోవడం నేను చూశాను.

ట్రెడెగర్ పై కొండ మీద ఆయన పేరున నాలుగు పెద్ద సున్నపురాళ్లు నిలబెట్టారు. మధ్యదాని చుట్టూ ఉన్న మూడూ ట్రెడెగర్, ఎబ్బూ వేల్, రిమ్నీ ఊళ్ల వైపు ఉంటాయి. ఆయన సభలు పెట్టి మాట్లాడిన చోటు. కార్డిఫ్ నుంచి కారులో గంటలోపే. గాలి ఎక్కువ, జూలైలో వెళ్లినా స్వెట్టర్ తీసుకెళ్లండి.